ఇంటివాళ్ళ పలక

పోయినవారం మనం లెక్చరర్‌ను మెట్ల మలుపులో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. కింద టీ బల్లల దగ్గర బావ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ బావ భుజం మీద చెయ్యి వేసి, కప్పు నోటికి దగ్గరగా పెట్టి తాగమంటున్నవాడు పంచదార.

పంచదార ఒకప్పుడు వీళ్ళ మనిషే. డాక్టరమ్మ పార్టీలో కుర్చీలు వేయించే దగ్గర మొదలుపెట్టి, ఆమె పక్క కుర్చీ దాకా వచ్చాడు. గాలి మారగానే ఆ కుర్చీ వదిలేసి వెళ్ళిపోయాడు. ఇప్పుడు పాలకపక్షానికి విదేశీ వ్యవహారాలు చూస్తున్నాడు. పంచదార అన్న పేరు పెట్టింది డాక్టరమ్మే. "వీడి మాటలు వింటుంటే నాకు షుగర్ పెరుగుతోందిరా" అనేది తమ్ముడితో.

ఆమెకు నిజంగానే షుగర్ ఉంది. ఎన్నికల్లో ఓడిపోయీ కుర్చీ దిగని ప్రభుత్వాన్ని దిగమన్నందుకు ఆమెను జైల్లో వేశారు. అక్కడ ఇన్సులిన్ వేళకు అందేది కాదు. కాలి బొటనవేలి మీద లేచిన బొబ్బ పుండైంది. పుండు పక్క వేళ్ళకు పాకింది. పళ్ళ డాక్టరుగా ఊళ్ళో సగంమంది నోళ్ళు బాగుచేసిన మనిషి, తన కాలికి ఒక కట్టు కావాలని గోడకేసి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది.

ఆమె తమ్ముడు లెక్చరర్. కాలేజీలో రాజనీతి పాఠాలు చెప్పుకుంటూ, పార్టీకి విదేశీ కార్యదర్శిగా ఉంటున్నాడు. ఆమె భర్త, అంటే మన బావ, మందుల షాపు తప్ప మరో లోకం ఎరుగని మనిషి. భార్య లేని చోట భార్య కుర్చీలో కూర్చోవడానికి బావమరిది వెంట ఇంత దూరం వచ్చాడు.

వచ్చింది మధ్యేమార్గ మితవాద పార్టీల అంతర్జాతీయ కూటమి మహాసభకు. ఈ మధ్యాహ్నం సభ ముందుకు ఒకే ఒక్క పెద్ద విషయం వస్తోంది. డాక్టరమ్మను జైల్లో పెట్టిన పాలకపక్షం కూటమిలో సభ్యత్వం అడుగుతోంది. అది దొరికితే ఆ పక్షానికి లోకంలో మర్యాద దొరికినట్టే. ఇక ఎవరూ జైలు సంగతి అడగరు.

కూటమిలో పాతకాలం నుంచీ ఒక ఆచారం ఉంది. ప్రతి పార్టీ ముందూ దాని పేరు చెక్కిన కర్ర పలక ఉంటుంది. ఒక దేశం నుంచి ఇప్పటికే ఒక పార్టీకి సభ్యత్వం ఉండి, అదే దేశం నుంచి ఇంకొకటి లోపలికి వస్తానంటే, సభలో అందరూ తమ పలకలు పడుకోబెడతారు. అప్పుడు అధ్యక్షుడు ఆ పాత పార్టీ వైపు తిరుగుతాడు. అక్కడ ఉపన్యాసం ఉండదు. కారణం ఎవరూ అడగరు. పలక అలాగే పడుకుని ఉంటే అభ్యంతరం లేదని అర్థం. నిలబెడితే కొత్తవాళ్ళ దరఖాస్తు వచ్చే మహాసభ దాకా పక్కకు పోతుంది. దీన్ని 'ఇంటివాళ్ళ మాట' అంటారు. ఇంట్లో గొడవలు నలుగురిలో పెట్టుకోకుండా ఉండడానికి ఎవరో పెద్దమనుషులు ఆలోచించి పెట్టిన పద్ధతి.

ఆ పలక నిలబెట్టడానికే లెక్చరర్ వచ్చాడు. జైలు కటకటాల అవతలి నుంచి అక్క అడిగింది కూడా అదొక్కటే.

ఆయన మెట్లు దిగేసరికి పంచదార లేచి వెళ్ళిపోయాడు. లెక్చరర్ బావ రెక్క పట్టుకుని, కోట్లు తగిలించే గదిలోకి తీసుకుపోయాడు. ఆ గది చూసుకునే పెద్దావిడ వీళ్ళ మొహాలు చూసింది. రెండు ముక్కాలిపీటలు ముందుకు జరిపి, తాను బయటికి పోయి తలుపు దగ్గరగా వేసింది. కోటు కోసం వచ్చిన ఎవరితోనో "గది తుడుస్తున్నారు, కాసేపాగండి" అనడం వినిపించింది. అడగకుండా చేసిన ఆ చిన్న సాయానికి, లెక్చరర్ కోపంగా మొదలుపెడదామనుకున్న మాట మెత్తగా వచ్చింది.

"వాడితో ఏం మాట్లాడావు బావా?"

బావ చుట్టూ వేలాడుతున్న కోట్లకేసి చూశాడు, వాటిల్లో ఎవరన్నా వింటున్నారేమోనన్నట్టు.

"మీ అక్కని పొద్దున ఆస్పత్రికి మార్చార్రా."

"ఎవరు చెప్పారు? వాడేనా? వాడు చెబితే నమ్మేశావా?"

"వాడు చెబితే నమ్మలేదు. అమ్మాయికి ఫోన్ చేశా. అది ఆస్పత్రిలోనే ఉంది. వాళ్ళమ్మ మంచం పక్కనే." బావ ఫోన్ తీసి చూపించాడు. తెల్లటి దుప్పటి, కిటికీ, కిటికీలోంచి పడిన ఎండ. ఆ ఎండలో అక్క. ఎంత చిక్కిపోయిందంటే, ఫోన్ తిప్పి దగ్గరగా పెట్టుకుని చూస్తే తప్ప లెక్చరర్ గుర్తుపట్టలేకపోయాడు. చేతికి సూది ఎక్కించి ఉంది. జుట్టు ఎవరో దువ్వారు. ఆ దువ్విన జుట్టును ఆయన చాలాసేపు చూశాడు.

"దేనికి మార్చారు?" తెలిసే అడిగాడు.

బావ ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"బావా, నిన్నే. దేనికి మార్చారు?"

"సాయంత్రం ఆపరేషన్ అట. వేళ్ళు తీసేస్తే కాలు దక్కుతుంది. కాలు దక్కితే మనిషి దక్కుతుంది. పలక... పలక పడుకుని ఉంటేనే."

"నువ్వు మాటిచ్చావా?"

"ఇచ్చాను."

"ఎవరి పలక అనుకుంటున్నావది? నీ షాపు బోర్డా, ఎత్తడానికీ దించడానికీ?"

"కాదురా. నా పెళ్ళాం ప్రాణం." బావ గొంతు పెరిగింది. ఎప్పుడూ పెరగని గొంతు అది. గిరాకీ లేని రోజున కూడా ఎవరినీ కసురుకోని మనిషి. "నువ్వు ములాఖత్‌కి వెళ్ళినప్పుడు ఆ కాలు దుప్పటి కింద దాచుకుంది. నేను వెళ్ళినప్పుడు దాచలేకపోయింది. నువ్వు మాటలు విని వచ్చావు. నేను వాసన చూసి వచ్చాను. పుస్తకాలు చదువుకున్నవాడివి, నీకు పలక కనిపిస్తుంది. జీవితమంతా మందులమ్మినవాణ్ణి, నాకు ఆ వేళ్ళ రంగు కనిపిస్తుంది. ఆ రంగు మోకాలు దాటితే ఇక డాక్టర్లతో పని ఉండదు."

"అక్క ఏమందో గుర్తుందా? 'నేను ఏమైనా సరే, వాళ్ళను మన బల్ల దగ్గర కూర్చోనివ్వొద్దు' అంది."

"అంటుంది. దానికేం, ఏమైనా అంటుంది. పెళ్ళయిన కొత్తలో జ్వరంతో కాలిపోతూ కూడా పేషెంట్లను చూస్తాననేది. నేను తలుపు గడియ పెట్టి పడుకోబెట్టేవాణ్ణి. ఇప్పుడూ అదే చేస్తున్నా. నన్ను తిట్టుకోనీ. బతికుండి తిట్టుకోనీ."

లెక్చరర్ దగ్గర ఉన్న జవాబులన్నీ తరగతి గదిలో చెప్పేవే. పొద్దుటినుంచీ ఆయన మిత్రపక్షాల బల్లలన్నీ తిరిగాడు. అందరూ లేచి నిలబడి చేతులు పట్టుకున్నారు. అందరూ డాక్టరమ్మ ఆరోగ్యం అడిగారు. 'మీరూ అభ్యంతరం చెప్పండి' అనేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట: 'మీ పలక మీ దగ్గరుంది కదా, మేమెందుకు మధ్యలో?' అంత పెద్ద కూటమీ ఆ చిన్న చెక్కముక్క వెనకాల నక్కి కూర్చుంది.

తలుపు మీద వేలితో తట్టిన చప్పుడు. బయట పెద్దావిడ "తుడుస్తున్నారండీ" అంటూనే ఉంది. పంచదార తలుపు తోసుకుని వచ్చేశాడు.

"ఇక్కడున్నారా బావగారూ! అంతా వెతుకుతున్నా."

"ఆయన నీకు బావెప్పుడయ్యాడు?" అన్నాడు లెక్చరర్.

"అక్కను అక్కా అనేవాణ్ణి, మరి ఆయన బావే కదా." పంచదార నవ్వాడు. నవ్వితే పక్కపన్ను మీద తెల్లటి తొడుగు మెరుస్తుంది. అది వేసింది డాక్టరమ్మే. "లెక్చరర్ గారూ, మీకు నా మీద కోపం. ఉండాలి కూడా. కానీ చెప్పండి, మీకూ మాకూ తేడా ఏముంది? మీరూ కుటుంబం ముఖ్యమంటారు, మేమూ అంటాం. చట్టం, వ్యాపారం, పెద్దల మాట, నెమ్మదిగా మార్పు. మీ ప్రణాళిక, మా ప్రణాళిక పక్కపక్కన పెట్టి చూశా. చాలామట్టుకు నేను రాసిన వాక్యాలే రెండింటిలోనూ ఉన్నాయి."

"ఉన్నాయి. ఒక్కటే తేడా."

"ఏమిటది?"

"ఓడిపోయినప్పుడు మేం ఇంటికెళ్ళాం."

పంచదార నవ్వు ఆగలేదు గానీ, కాస్త ఆలస్యంగా కదిలింది. "అది రాజకీయం సార్. నేను మనుషుల గురించి మాట్లాడుతున్నా. మంచి సర్జన్ని పెట్టించా. మా వాళ్ళతో పోట్లాడి పెట్టించా. ఆపరేషన్ అయ్యాక ఆమెను ఇంటికే పంపిస్తారు. మీ పలక లేవకపోతే చాలు. మీరేం మాట్లాడక్కర్లేదు, చెయ్యెత్తక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. ఇంతకన్నా తేలికగా ఎవరన్నా ఒక మనిషిని కాపాడగలరా?"

"లేస్తే?"

"లేస్తే ఆస్పత్రిలో మంచాలు తక్కువ సార్. ఖైదీలకు ఎక్కువ రోజులు ఇవ్వరు." అంతే మెత్తగా చెప్పి, బావ కోటు కొక్కెం మీదినుంచి తీసి, దుమ్ము దులిపి, ఆయన ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు.

బావ ఆ కోటును పాముని తోసినట్టు కిందికి తోసేశాడు. వెంటనే వంగి మళ్ళీ తీసుకున్నాడు. అది భార్య కొన్న కోటు.

సరిగ్గా అప్పుడే లెక్చరర్ ఫోన్ మోగింది. మేనకోడలు.

"మామయ్యా, మెల్లగా మాట్లాడు. కాపలా పోలీసు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. తనే తిరిగాడు, నేనడగలేదు. అమ్మకిస్తున్నా."

ఎవరో ఆ పోలీసు. ఎవరి కొడుకో. ఏ జన్మలోనైనా కనిపిస్తే దణ్ణం పెడదామనుకున్నాడు లెక్చరర్. ఫోన్ ఇద్దరికీ వినిపించేలా మధ్యలో పట్టుకున్నాడు.

"ఏరా, అన్నం తిన్నావా?"

గొంతు బొంగురుగా ఉంది, కానీ ఆ గొంతే. లెక్చరర్ "తిన్నానక్కా" అన్నాడు. తినలేదు.

"మీ బావ?"

"ఇక్కడే ఉన్నాడు. వింటున్నాడు."

"ఏమండీ, మాత్రలు వేసుకుంటున్నారా? ఊరందరికీ వేళకు వేసుకోమని చెబుతారు, మీరు వేసుకోరు." బావ తలూపాడు, ఆమెకు కనబడుతున్నట్టు. "నాకేం భయం లేదండీ. వేళ్ళు తీసేస్తారట. పోతే పోయాయి. వాటికి గోళ్ళు తీసే పని తప్పింది." ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయి, కాసేపటికి మళ్ళీ మాటలోకి వచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ, చూశావా? నేను చెప్పలా? మనవాళ్ళు గట్టిగా మాట్లాడినట్టున్నారు. లేకపోతే వీళ్ళు నన్ను ఇక్కడికెందుకు తెస్తారు? నువ్వు ఊరికే బెంగపెట్టుకున్నావు, ఎవరూ పట్టించుకోరని. అన్ని దేశాల్లో మనలాంటివాళ్ళున్నార్రా. నెమ్మదస్థులు, గట్టిగా అరవనివాళ్ళు. కానీ అవసరానికి నిలబడతారు. నాకు తెలుసు. జైల్లో గోడకేసి అదే చెప్పుకునేదాన్ని. ఎవరెవరు మాట్లాడారో పేర్లు చెప్పు, బయటికొచ్చాక అందరికీ నేనే ఫోన్ చేస్తా."

లెక్చరర్ ఫోన్ ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"పలక నిలబెడుతున్నావు కదా?"

కోట్ల మధ్య బావమరిదీ బావా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఊఁ" అన్నాడు లెక్చరర్.

"అదీ. ఉంటా మరి, పాపం ఆ పోలీసబ్బాయి ఎంతసేపని కిటికీ చూస్తాడు?"

ఫోన్ ఆగిపోయింది. బావ పీట మీద ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళకు ఆనించి, నేలనే చూస్తూ కూర్చున్నాడు.

"ఎవరో మాట్లాడారనుకుంటోంది" అన్నాడు చివరికి.

"ఊఁ."

"ఎవరూ మాట్లాడలేదు కదూ?"

"లేదు బావా. ఒక్కరూ."

గంట మోగింది. పెద్దావిడ తలుపు తీసి, లెక్చరర్ భుజం మీది దారప్పోగు ఒకటి తీసేసి, లోపలికి దారి చూపించింది.

సభామందిరంలో మాటలు సద్దుమణుగుతున్నాయి. అధ్యక్షుడు ఏదో పెద్ద దేశానికి మాజీ ప్రధాని, తెల్లగడ్డం, తాతగారి చూపు. పాలకపక్షం వస్తే కూటమికి ఎంత బలమో ఆయన పొద్దున్నే రెండు బల్లల దగ్గర లెక్చరర్ వినేలానే చెప్పాడు. గోడవార అతిథుల వరసలో పంచదార కూర్చుని, కాలు మీద కాలు వేసుకున్నాడు.

అధ్యక్షుడు దరఖాస్తు చదివాడు. మందిరమంతా పలకలు పడుకున్న చప్పుడు, వాన మొదలైనట్టు. లెక్చరర్ కూడా తన పలక పడుకోబెట్టాడు. పద్ధతి ప్రకారం అందరూ పడుకోబెట్టాలి. ఇంటివాళ్ళ సంగతి ఆ తరవాత.

"ఇంటివాళ్ళ మాట" అన్నాడు అధ్యక్షుడు. చెవిలో పెట్టుకున్న యంత్రంలో ఆ మాట మన భాషలో వినిపించింది. మందిరంలోని మొహాలన్నీ ఒకేసారి వాళ్ళ బల్ల వైపు తిరిగాయి.

లెక్చరర్ చెయ్యి పలక మీద ఉంది. ఎత్తాలి. ఎత్తడానికే ఇంత దూరం వచ్చాడు. బావను అన్ని మాటలన్నాడు. ఇప్పుడే అక్కకు ఊఁ కొట్టాడు. కానీ వేళ్ళ కింద ఆ చెక్క బల్లకు మేకులతో కొట్టేసినట్టుంది. కళ్ళ ముందు పలక లేదు. కిటికీ ఎండ ఉంది. దువ్విన జుట్టు ఉంది. ఆ జుట్టు మళ్ళీ చిక్కులుపడడం తన చెయ్యి ఎంత దూరం లేస్తుందనే దాని మీద ఉంది. వేళ్ళు బిగించాడు. బిగించిన వేళ్ళు కదల్లేదు. ఊరికే కూర్చుంటే చాలు, అన్నాడు కదా పంచదార. నిజంగానే ఎంత తేలిక. ఊరికే కూర్చున్నాడు.

అధ్యక్షుడు కళ్ళజోడు సవరించుకున్నాడు. తాతగారి చూపులో ఏదో నిశ్చింత. "ఇంటివాళ్ళకు అభ్యంతరం లేనందున..."

లెక్చరర్ చెయ్యిని ఇంకో చెయ్యి పక్కకు జరిపింది. మెల్లగా, నిద్రపోతున్న పిల్లాడి చేతిని జరిపినట్టు. గోళ్ళ చివర్లలో మందుల పసుపు దిగిన చెయ్యి. ఆ చెయ్యి పలకను ఎత్తి, గాడిలో నిలబెట్టి, పడిపోతుందేమోనని వేలితో నొక్కి మరీ చూసింది.

పలక నిలబడింది. పడుకున్న పలకల మధ్య అదొక్కటే.

మందిరం గుసగుసల్లో మునిగింది. అధ్యక్షుడు చాలాసేపు ఆ పలకనే చూసి, నోట్లో మిగిలిన వాక్యం మింగి, "దరఖాస్తు వచ్చే మహాసభకు వాయిదా" అన్నాడు.

"బావా!" లెక్చరర్ ఆయన వైపు తిరిగాడు. "నువ్వు... నువ్వు కదా మాటిచ్చింది..."

బావ ముందుకే చూస్తున్నాడు. కళ్ళజోడు అద్దాల మీద చెమ్మ.

"పలక లేవకపోతే మీ అక్క బతికి ఇంటికొస్తుందిరా. వచ్చి గుమ్మంలో కూర్చుని, మొదటి మాట అదే అడుగుతుంది, ఎవరెవరు నిలబడ్డారండీ నాకోసం అని. ఏం చెప్పను? ఎవరూ లేరు, నేనే బేరం పెట్టానని చెప్పనా? నన్ను తిడుతుందనుకున్నా. తిట్టు పడగలను. ఎవరో మాట్లాడారని నమ్ముకున్న ఆ నవ్వు పడలేను." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఎవరో ఒకరు నిలబడ్డారని చెప్పుకోవాలి కదా."

లెక్చరర్ గోడ వైపు తిరిగి చూశాడు. పంచదార లేచి నిలబడ్డాడు. నవ్వు చెక్కు చెదరలేదు. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, తలుపు వైపు నడుస్తూ రెండే రెండు మాటలు మాట్లాడాడు.

లెక్చరర్ మేనకోడలి నంబరు నొక్కాడు. చాలాసేపు మోగింది. ఎత్తింది. అటునుంచి పరిగెత్తుతున్న ఊపిరి, ఏవో చక్రాల చప్పుడు.

"మామయ్యా, అమ్మ మంచాన్ని తోసుకుపోతున్నారు! సర్జన్ గారు ముందు నడుస్తున్నారు, వెనకాల పోలీసులు. ఎక్కడికంటే ఎవరూ చెప్పట్లేదు. ఈ నడవా చివర రెండు దార్లున్నాయి మామయ్యా. ఒకటి ఆపరేషన్ గదికి. ఒకటి వ్యాను నిలబడి ఉన్న గుమ్మానికి. సర్జన్ గారు మలుపులో ఆగారు. వాళ్ళతో ఏదో వాదిస్తున్నారు. అమ్మ నా వైపు చూసి..."

బావ బల్ల మీది పలకను రెండు చేతులతో పట్టుకుని, అది ఎక్కడ పడిపోతుందోనన్నట్టు, ఫోన్‌కేసి వంగాడు.

"ఇటు... ఇటు తిప్పుతున్నారు మామయ్యా!"